హెల్లెలాండ్ కొండల్లో కూలిన చెక్క విమానం

జూన్ 26, గురువారం: స్టవాంగర్

"ఇంత దూరం వచ్చినవాళ్ళు ప్రైకెస్తూలెన్ బండ ఎక్కి ఫొటో దిగుతారు. నువ్వేంట్రా, శ్మశానం ఎక్కడ అంటావు?" అన్నాడు బావ, కాఫీ కప్పు నా ముందు పెడుతూ. అక్కావాళ్ళు స్టవాంగర్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. బావది చమురు రిగ్గు మీద ఉద్యోగం. రెండు వారాలు సముద్రంలో, నాలుగు వారాలు ఇంట్లో. నేను వెళ్ళేసరికి ఇంట్లోనే ఉన్నాడు.

శ్మశానం సంగతి అర్థం కావాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. నేను పెరిగింది అశ్వాపురం కాలనీలో. నాన్న మణుగూరు భారజల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. మామూలు పిల్లలు బొగ్గు గురించి, వరి గురించి వింటూ పెరిగితే మేం భారజలం (హెవీ వాటర్, అణు రియాక్టర్లలో వాడే బరువైన నీళ్ళు) గురించి వింటూ పెరిగాం. నార్వేలో వేమార్క్ అనే పేరు నాన్న నోటే మొదటిసారి విన్నాను. రెండో ప్రపంచ యుద్ధం నాటికి భారజలం చెప్పుకోదగ్గ మోతాదులో తయారయ్యేది ప్రపంచంలో అక్కడొక్కచోటే. మణుగూరులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సాయంతో తీస్తారు, వేమార్క్‌లో కరెంటు పెట్టి నీటిని విడగొట్టి తీసేవారు. 1940లో జర్మన్లు నార్వేని ఆక్రమించాక ఆ ఫ్యాక్టరీ వాళ్ళ చేతికి పోయింది. అణుబాంబుకి పనికొస్తుందేమోనని ఇంగ్లండ్‌కి భయం పట్టుకుంది.

1943 ఫిబ్రవరిలో తొమ్మిది మంది నార్వే కుర్రాళ్ళు దాన్ని పేల్చేసి, ఒక్క ప్రాణం కూడా పోకుండా బయటపడ్డారు. ఆ కథ చాలామందికి తెలుసు. దానికి మూడు నెలల ముందు అదే పని మీద వచ్చిన ఇంగ్లిష్ సైనికుల గతేమిటో అంతగా ఎవరూ చెప్పరు. నేను వచ్చింది వాళ్ళ కోసం.

1942 నవంబరు 19 సాయంత్రం స్కాట్లాండ్ ఉత్తర కొసన విక్ దగ్గరున్న స్కిటెన్ స్థావరం నుంచి రెండు హాలిఫాక్స్ బాంబర్లు లేచాయి. ఒక్కోదాని వెనక తాడుతో కట్టిన హోర్సా గ్లైడర్ ఒకటి. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. పెద్ద విమానం లాక్కెళ్ళి వదిలేస్తే గాలిలో జారుకుంటూ దిగాలి. హోర్సా అయితే దాదాపు అంతా చెక్కే. ఒక్కోదాంట్లో పదిహేను మంది రాయల్ ఇంజనీర్స్ సైనికులు, ఇద్దరు పైలట్లు. చలికాలం రాత్రి, ఉత్తర సముద్రం మీదుగా 600 కిలోమీటర్ల పైచిలుకు. హార్డంగర్‌విడ్డా పీఠభూమిలో ఒక చిత్తడి నేల దగ్గర నలుగురు నార్వేవాళ్ళు వాళ్ళకోసం దీపాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆపరేషన్‌కి పెట్టిన పేరు ఫ్రెష్‌మాన్. రెండు గ్లైడర్లలో ఒక్కటీ అక్కడికి చేరలేదు.

ఐగనెస్ శ్మశానం ఊరి నడుమే ఉంది. పెద్ద పెద్ద చెట్లు, కంకర దారులు, కొళాయి పక్కన కొక్కేలకి వేలాడుతున్న ఆకుపచ్చ నీళ్ళ డబ్బాలు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, వాడాక మళ్ళీ అక్కడే తగిలించాలి. సైనికుల రాళ్ళు ఒకే ఎత్తులో, ఒకే తీరులో వరసగా ఉన్నాయి. చాలామంది వయసు ఇరవైల్లోనే. హెల్లెలాండ్ దగ్గర పడిన గ్లైడర్‌లోని పదిహేడు మంది, లీసెఫ్యోర్డ్ దగ్గర ఫిల్యెస్‌దాలెన్‌లో పడినదాంట్లో అక్కడికక్కడే పోయిన ఎనిమిది మంది ఇక్కడున్నారు. ఫిల్యెస్‌దాలెన్‌లో గాయాలతో బతికిన నలుగుర్ని ఇదే స్టవాంగర్‌లో గెస్టపోవాళ్ళు (జర్మన్ రహస్య పోలీసులు) చంపి సముద్రంలో పడేశారు. వాళ్ళకి సమాధే లేదు.

మా పక్కనే ఒక పెద్దావిడ తన భర్త సమాధి మీది పూలకి నీళ్ళు పోసింది. డబ్బాలో ఇంకాస్త మిగిలింది. చుట్టూ చూసి, దగ్గర్లో ఉన్న ఒక సైనికుడి రాయి ముందున్న మొక్కకి పోసి, డబ్బా తగిలించి వెళ్ళిపోయింది. మమ్మల్ని పట్టించుకోలేదు.

సాయంత్రం బావ "గురువారం కదా, కొమ్లె తినాలి" అన్నాడు. ఈ జిల్లాలో అదొక రివాజు. తురిమిన బంగాళదుంపలో పిండి కలిపి ఉడికించిన ఉండలు, మన ఉండ్రాళ్ళకి పెద్దన్నలనుకోండి. పక్కన ఉప్పు పట్టించిన గొర్రె మాంసం, బేకన్ ముక్కలు, వాటి కొవ్వు. ప్లేటు 239 క్రోనర్లు, క్రోనరు మన ఎనిమిది రూపాయల పైమాటే. రెండో ఉండ సగంలో ఉండగానే నాకు ఊపిరాడలేదు. మేనల్లుడు చిన్ను నాలుగు లాగించాడు. వాడు ఇక్కడే పుట్టినవాడు.

జూన్ 27, శుక్రవారం: ఎగర్‌సుండ్

చిన్నూ, నేనూ రైల్లో దక్షిణానికి బయల్దేరాం. గంటకి పైగా ప్రయాణం. మొదట్లో చదునుగా పచ్చిక, గొర్రెలు, రాళ్ళు పేర్చిన గోడలు. బ్రూసాండ్ దగ్గర కిటికీలోంచి కాంక్రీటు దిమ్మెలు వరసలుగా కనిపిస్తాయి. సముద్రం వైపునుంచి ట్యాంకులు రాకుండా జర్మన్లు ఖైదీల చేత పాతించినవి. "హిట్లర్ పళ్ళు అంటారు మామయ్యా" అన్నాడు చిన్ను, ఫోన్లోంచి తలెత్తకుండానే. హెల్లెలాండ్ గ్లైడర్‌లో బతికి దొరికిన సైనికుల్ని జర్మన్లు చంపాక ఈ బ్రూసాండ్, ఓగ్నా వైపు ఇసుకలోనే గుర్తులేకుండా పూడ్చారు. యుద్ధం అయిపోయాక తవ్వి తీసి ఐగనెస్‌కి తెచ్చారు. రైలు ఓగ్నాలో ఆగితే తువ్వాళ్ళూ, బంతులూ పట్టుకుని పిల్లలు దిగారు. ఇసుక తీరం చాలా బాగుంటుందట.

ఓగ్నా దాటగానే నేల మారిపోతుంది. చెట్టూ చేమా తగ్గి అంతా బూడిదరంగు బండరాయి. అనార్థొసైట్ అంటారు, చంద్రుడి మీద ఎక్కువగా ఉండే రాయి ఇదే. ఇక్కడ విమానం దించడానికి క్రికెట్ పిచ్ అంత చదును కూడా కనపడలేదు నాకు.

ఎగర్‌సుండ్ చిన్న ఊరు, చేపల రేవు. తెల్ల రంగేసిన చెక్క ఇళ్ళు, వాటి మధ్య సన్నటి వీధి. ఒకప్పుడు ఇక్కడి పింగాణీ ఫ్యాక్టరీ నార్వే అంతటికీ కప్పులూ పళ్ళేలూ పంపేది. 1847లో పెట్టి 1979లో మూసేశారు. వాటికిప్పుడొక మ్యూజియం ఉంది. నీలం పువ్వుల పళ్ళెం ఒకటి అక్క కోసం పాత సామాన్ల కొట్లో బేరమాడబోయాను. కొట్టావిడకి అసలు అర్థం కాలేదు. ధర చీటీ చూపించింది, మళ్ళీ చీటీ చూపించింది. చిన్ను సిగ్గుతో బయటికి పోయి నిలబడ్డాడు. ఇక్కడ బేరం ఆడరు. ఆడితే కోపం కూడా రాదు వాళ్ళకి, మనకేదో ఒంట్లో బాలేదనుకుంటారు.

రేవు దగ్గర చేపల సూపు తాగాం, 219 క్రోనర్లు. మీగడ ఎక్కువ, ఉప్పు తక్కువ, కారం అనే ప్రస్తావనే లేదు. అక్క కట్టిచ్చిన పులిహోర డబ్బా సంచిలోనే ఉంది గానీ హోటల్లో తీయడం బాగోదని ఆగాం. రేవు గట్టు మీద కూర్చుని అదీ కానిచ్చాం.

తిరిగి స్టేషన్‌కి నడుస్తుంటే స్ట్రాబెర్రీల బల్ల ఒకటి కనపడింది. ఇక్కడి స్ట్రాబెర్రీలు జూన్ చివర్లోనే మొదలవుతాయి. డబ్బా 70 క్రోనర్లు. కార్డు తీసుకోరు, నోట్లు తీసుకోరు, విప్స్ అనే ఫోన్ యాప్ ఒక్కటే. ఇక్కడి బ్యాంకు ఖాతా లేని నాకు అది పనిచేయదు. చిన్ను ఫోను చార్జింగ్ అయిపోయింది. మా వెనకున్నావిడ తన ఫోను చూపించి మా డబ్బా డబ్బు కూడా కట్టేసింది. నేను నోటు చాపితే చేతులు వెనక్కి పెట్టుకుంది. "తక్" అని థాంక్స్ చెప్పడం తప్ప ఏం చెయ్యాలో తోచలేదు.

జూన్ 28, శనివారం: హెల్లెలాండ్

ఈసారి బావ కార్లో. పొద్దుట్నుంచే ముసురు. హెల్లెలాండ్ అంటే లోయలో ఒక చర్చి, కొన్ని ఇళ్ళు, పక్కనే పెద్ద రోడ్డు. చర్చి తెల్లటి చెక్క కట్టడం. ఆవరణలో ఏడుగురి సమాధులున్నాయి, హాలిఫాక్స్ విమానం సిబ్బందివి. పైలట్ పార్కిన్సన్‌ది కెనడా. గ్లైడర్ నడిపిన డేవిస్, ఫ్రేజర్ ఇద్దరూ ఆస్ట్రేలియన్లు. ఏ మూలనో పుట్టినవాళ్ళు ఏ మూలకో వచ్చి పోయారు.

జరిగిందిది. దట్టంగా మబ్బు. కింద దీపం కనపడదు, మ్యాపుకీ నేలకీ పొంతన లేదు. నేలమీది రేడియో సంకేతం అందుకోవాల్సిన పరికరం పనిచేయలేదు. ఒక హాలిఫాక్స్ చాలాసేపు వెతికి వెనక్కి తిరిగింది. తాడుకి మంచు పేరుకుని తెగి, దాని గ్లైడర్ ఫిల్యెస్‌దాలెన్‌లో పడింది. ఆ విమానం మాత్రం క్షేమంగా స్కాట్లాండ్ చేరింది. రెండోది తీరం దాటి లోపలికొచ్చి ఇక్కడ గ్లైడర్‌ని వదిలింది. గ్లైడర్ బెంకా కొండ మీద పడింది, హాలిఫాక్స్ దగ్గర్లోనే ఇంకో కొండని గుద్దుకుంది. విమానంలో ఒక్కరూ మిగల్లేదు. గ్లైడర్‌లో ఇద్దరు పైలట్లతో సహా ముగ్గురు పోయి, పద్నాలుగు మంది బతికారు.

బెంకా కొండ వైపు ఫోను మ్యాపు చూపించిన దారి నేరుగా ఒకాయన గొడ్ల చావిడిలోకి తీసుకెళ్ళింది. కుక్క మొరిగింది. నాలుగు చక్రాల బండి మీద ఒక రైతు వచ్చాడు. అరవై దాటి ఉంటాయి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, గడ్డం మీద గడ్డిపరక. మా ముగ్గుర్నీ, మా గొడుగునీ చూశాడు. ఆ గాలిలో గొడుగేసుకున్నవాళ్ళం మేమే.

"ఫ్రెష్‌మాన్?" అన్నాడు.

బావ తలూపాడు. ఆయన బండి ఆపి, దిగి, చెయ్యి చాపి దారి చూపించాడు. ఆ యాస చిన్నుకే సగం అందలేదు. అందినంత మేరకి: ఈ గోడ వెంట పొండి, రెండు గేట్లు వస్తాయి, దాటాక మూసెయ్యండి. నవంబరులో ఇంగ్లండ్ నుంచి మనుషులు వస్తుంటారు, మీరేంటి ఎండాకాలంలో వచ్చారు? మబ్బు ఇంకా కిందికి దిగితే వెనక్కి వచ్చెయ్యండి, పంతానికి పోకండి. ఇండియా అని చెప్తే ఓసారి నా బూట్ల వంక చూశాడు. గుడ్డ బూట్లు. చావిడిలోకి వెళ్ళి రబ్బరు బూట్ల జత తెచ్చి నా ముందు పెట్టాడు. రెండు సైజులు పెద్దవి. వచ్చేటప్పుడు గుమ్మంలో పెట్టేసి పొమ్మన్నాడు.

మొదటి గేటు కొక్కెం ఇనుప తీగతో చేసిన ఉచ్చు. తీయడం తేలిక, తిరిగి వెయ్యాలంటే గేటుని భుజంతో నెట్టి పట్టుకుని తగిలించాలి. చిన్ను నెట్టాడు, నేను తగిలించాను. అక్కణ్ణుంచి నేల బురద, బురదలోంచి పైకి తేలిన బండ, బండ మీద నాచు, మళ్ళీ బురద. గంటలు కట్టిన గొర్రెలు మాకు చోటిచ్చి మళ్ళీ మేతలో పడ్డాయి. రెండో గేటు దాటి కొంత ఎక్కాక మబ్బు నిజంగానే దిగింది. ముప్పై అడుగుల అవతల చిన్ను ఎర్ర కోటు మసకబారింది. బావ రిగ్గు మనిషి, వాతావరణంతో వాదించడు. "చాలు, దిగుదాం" అన్నాడు.

కూలినచోటు దాకా చేరలేకపోయాం. దానికి నాకు బెంగేమీ లేదు. జూన్‌లో, పగటి వెలుగులో, రబ్బరు బూట్లతో, అడుగులో అడుగేసి నడిచినా ఆ కొండ ఇంత కష్టపెట్టింది. అర్ధరాత్రి మంచులో విరిగిన చెక్కల మధ్యనుంచి లేచి, కదలలేని తోటివాళ్ళని అక్కడే ఉంచి, సాయం కోసం కిందికి నడిచినవాళ్ళు ఇదే కొండ దిగారు.

బూట్లు కడిగి గుమ్మంలో పెట్టాం. రైతు కనపడలేదు. పులిహోర డబ్బాలో మిగిలింది పక్కన పెడదామని చిన్నుతో అంటే "వద్దు మామయ్యా, కుక్క తింటుంది" అన్నాడు. నిజమే. పెద్ద రోడ్డు మీది పెట్రోలు బంకులో వేడి వేడి వాఫిల్ మీద గోధుమరంగు జున్ను పెట్టిచ్చారు. తియ్యగా, కొంచెం కోవా వాసన. 45 క్రోనర్లు. ఈ దేశంలో పెట్టిన డబ్బుకి న్యాయం జరిగిందనిపించిన తిండి ఇదొక్కటే.

జూన్ 29, ఆదివారం: స్లెట్టెబో

ఆదివారం నార్వేలో దుకాణాలు చాలావరకు మూత. ఎగర్‌సుండ్ శివార్లలో స్లెట్టెబో అనే చోట అప్పట్లో జర్మన్ల సైనిక శిబిరం ఉండేది. కొండ మీద గ్లైడర్‌లో గాయపడ్డవాళ్ళకి డాక్టరు కావాలి. డాక్టర్ని పిలిస్తే జర్మన్లకి తెలియకుండా ఉండదు. వాళ్ళు తప్పించుకోవడం మానేసి అందుకు ఒప్పుకున్నారు. ఒంటి మీద ఇంగ్లిష్ సైన్యం యూనిఫాం ఉంది, యుద్ధ ఖైదీలుగా చూస్తారనుకున్నారు. పద్నాలుగు మందినీ, వాళ్ళ లెఫ్టినెంట్ అలెన్‌తో సహా, ఇక్కడికి తెచ్చి నవంబరు 20నే కాల్చేశారు. కొండ మీద పడి ఇంకా ఒక రోజు కూడా నిండలేదు.

కారణం ఒక కాగితం. దొరికిన కమాండోలెవర్నీ, యూనిఫాంలో ఉన్నా, లొంగిపోయినా సరే, ప్రాణాలతో ఉంచొద్దని హిట్లర్ ఇచ్చిన రహస్య ఆజ్ఞ. దాని తేదీ 1942 అక్టోబరు 18. దీపాలు పట్టుకుని ఎదురుచూసిన ఆ నలుగురు నార్వేవాళ్ళు పారాచూట్లతో దిగింది కూడా సరిగ్గా ఆ రోజే. స్కిటెన్‌లో తాళ్ళు కడుతున్న కుర్రాళ్ళకి అలాంటి ఆజ్ఞ ఒకటి ఉందని తెలిసే వీలే లేదు.

కార్లో మామా అల్లుళ్ళం కాదు గానీ తండ్రీ కొడుకులకి దీని మీద పెద్ద వాదనే అయింది.

"నడవగలిగినవాళ్ళు నడిచి పోవాల్సింది. స్వీడన్‌కి పోవాలనేగా ప్లాను" అన్నాడు బావ.

"దెబ్బలు తగిలినవాళ్ళని వదిలేసా నాన్నా? మరి నీ రిగ్గు మీద అలాగే చేస్తారా?"

బావ దానికి జవాబు చెప్పలేదు. వైపర్ స్పీడు పెంచాడు. నాకు మాత్రం చిన్ను మాటే సబబనిపించింది. పద్నాలుగు మందిలో కొందరైనా బతికేవాళ్ళేమో అన్న లెక్క మనం ఎనభై ఏళ్ళ తర్వాత కార్లో కూర్చుని వేస్తున్నాం.

నార్వేలో జర్మన్ సైన్యాధిపతి ఫాల్కెన్‌హార్స్ట్‌కి 1946లో మరణశిక్ష పడింది. తర్వాత దాన్ని ఇరవై ఏళ్ళ జైలుగా మార్చారు, 1953లో వదిలేశారు.

జూన్ 30, సోమవారం: ర్యుకాన్

రోజంతా కారు ప్రయాణమే. మోస్‌వాట్న్ చెరువు గట్టు దగ్గర ఆగి పెరుగన్నం, ఆవకాయ తిన్నాం. గ్లైడర్లు దిగాల్సిన చిత్తడి నేల ఈ చుట్టుపక్కలే. చుట్టూ చూస్తే చదును ఉంది, విశాలంగా ఉంది. ఇక్కడ దిగొచ్చు అనుకోవడం తప్పు కాదనిపించింది. హెల్లెలాండ్ నుంచి ఇక్కడికి రావడానికి మాకు రోడ్డు మీదే పూట పైగా పట్టింది.

వేమార్క్ పక్కనున్న ఊరు ర్యుకాన్, లోతైన లోయలో ఉంది. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఊళ్ళో ఎండ పడదు. అందుకని 2013లో కొండ మీద అద్దాలు పెట్టి సంత బజారులోకి వెలుగు మళ్ళించారు. వేమార్క్‌కి వెళ్ళాలంటే లోయ మీద వేలాడే వంతెన దాటాలి. వంతెన మధ్యలో కాళ్ళకి తాడు కట్టుకుని దూకే కుర్రాళ్ళ అరుపులు. చిన్ను దూకుతానన్నాడు, అక్కకి ఫోన్ చేస్తానని బావ అనగానే ఊరుకున్నాడు.

1911 నాటి విద్యుత్ కేంద్రం ఇప్పుడు మ్యూజియం. భారజలం తీసిన భవనాన్ని 1977లో పడగొట్టేశారు. కానీ నేలమాళిగ మట్టి కింద మిగిలే ఉంది. దాన్ని ఈమధ్యే తవ్వి, పైన అద్దాల కప్పు కట్టి, 2022లో జనానికి తెరిచారు. పెళ్ళలు ఊడిన కాంక్రీటు గది. గైడు 1943 దాడి చెప్తుంటే అందరూ మెడలు చాచి విన్నారు. బాగా చెప్పాడు. ఆ తొమ్మిది మంది గొప్పవాళ్ళే, సందేహం లేదు. నాన్నకి వీడియో కాల్ చేసి గది చూపించాను. "ఇంత చిన్నదా? మన దగ్గర టవర్లే ఎంత ఎత్తు!" అన్నారు. తర్వాత, "ఎన్ని సెల్స్ పెట్టారట?" అని, నీటిని విడగొట్టే తొట్ల సంగతి మొదలెట్టారు. గైడుకి, నాన్నకి మధ్య నేనూ చిన్నూ కాసేపు దుబాసీలం. ఇంగ్లిష్ తెలుగు నా వంతు, నార్వేజియన్ ఇంగ్లిష్ వాడి వంతు. గైడు మణుగూరు పేరు కాగితం మీద రాయించుకున్నాడు.

జూలై 1, మంగళవారం: ఓస్లో, ట్రాండుమ్

బావావాళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు, నేను బస్సులో ఓస్లో చేరాను. ఫిల్యెస్‌దాలెన్‌లో పెద్దగా దెబ్బలు తగలకుండా బతికిన ఐదుగుర్ని రెండు నెలలు గ్రినీ జైల్లో ఉంచి, 1943 జనవరి 18న ట్రాండుమ్ అడవిలో కాల్చారు. వాళ్ళ సమాధులు ఓస్లోలో విగెలాండ్ శిల్పాల పార్కు పక్కనే ఉన్న వెస్ట్రె శ్మశానంలో ఉన్నాయి. శిల్పాల దగ్గర టూరిస్టు బస్సులు బారులు తీరి ఉన్నాయి, ఇటువైపు కాలిబాట మీద నేనూ, ఒక జాగింగ్ ఆయనా.

ట్రాండుమ్ గార్డెర్మోన్ విమానాశ్రయానికి దగ్గర. ఫ్లైటుకి టైముందని ఎయిర్‌పోర్టులో ట్యాక్సీ మాట్లాడాను. డ్రైవర్‌ది లాహోర్, వచ్చి ముప్పై ఏళ్ళయిందట. హిందీ ఉర్దూ కలిపి మాట్లాడుకున్నాం. అడవిలో స్మారకం దగ్గర ఆపి, తనూ దిగాడు. ఇన్నేళ్ళలో ఈ పక్కనుంచి పోవడమే గానీ ఆగింది లేదన్నాడు. ఇక్కడ చంపింది 194 మందిని: 173 మంది నార్వేవాళ్ళు, 15 మంది సోవియట్‌లు, ఆరుగురు బ్రిటిష్‌వాళ్ళు. ఆయన పేర్లన్నీ వేలు పెట్టి చదువుకుంటూ వెళ్ళాడు.

"మీవాళ్ళెవరైనా ఉన్నారా ఇందులో?"

"లేరు."

"మరి ఇంత ఖర్చు పెట్టుకుని ఎందుకొచ్చారు?"

మా నాన్న ఫ్యాక్టరీ సంగతి మొదలుపెట్టాను. భారజలం దగ్గరే చాలాసేపు ఆగిపోయాం. నీళ్ళు బరువెలా ఉంటాయి అని ఆయన, మామూలు నీళ్ళలోనే ఉంటాయి అని నేను. ఎయిర్‌పోర్టుకి తిరిగి చేరేసరికి మీటరు 840 చూపించింది. 700 తీసుకున్నాడు, నేనేమీ బేరమాడకుండానే.